లేని చోటు కూడా సరుకే

ఆదోనిలో నా అంగట్లోకి వచ్చి వెనక గది గోడ వైపు చూసినవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఒకటే. "అక్కా, ఇది యా దేవుడు?" దేవుడు కాదని చెబితే రెండోది అడుగుతారు. "అయితే ఎవురు పోయినారు?" మా ఊళ్ళో పటం కట్టించుకునే అర్హత ఉన్నది ఈ రెండు కులాలకే, దేవుళ్ళకూ పోయినవాళ్ళకూ. నేను ఈ రెండు కులాల్లోనూ చేరని పటాలు అమ్ముతాను. అందుకే నా వ్యాపారం సగం దేవుడి మీద భారం వేసి, సగం పోయినట్టుగా నడుస్తుంటుంది.

పత్తి మార్కెట్‌కు పోయే దారిలో ఉంటుంది అంగడి. ముందు గది మా నాయనది. ఆయన పోయినా అది ఆయనదే. లక్ష్మీదేవికి, ఏసుప్రభువుకి, మక్కా మసీదుకి ఒకే బల్ల మీద, ఒకే సుత్తితో మేకులు కొట్టి అద్దాలు బిగించిన మనిషి. వెనక గది నాది. అక్కడ మోడరన్ ఆర్టు ఉంటుంది. ముందు గదిలో దేవుళ్ళు సంపాదిస్తారు, వెనక గదిలో కాన్వాసులు కూర్చుని తింటాయి. లోకాన్నంతా పోషిస్తున్నవాళ్ళకు నా నాలుగు కాన్వాసులు బరువా అని నేను వాళ్ళను ఎప్పుడూ మొహమాటపెట్టలేదు.

ఒకసారి సరదా పడి 'ఆర్ట్ డీలర్' అని కార్డు కొట్టించుకున్నాను. మా వీధిలో డీలరంటే ఒకటే అర్థం. ఆ వారంలోనే ఇద్దరు ఆడవాళ్ళు సంచులు పట్టుకుని వచ్చి, ఈ నెల కందిపప్పు ఎప్పుడిస్తావని నిలదీశారు. ఇంటి ముందు రేషన్ బండి ఆగకపోతే నా దగ్గరికి వచ్చారన్నమాట. ఉన్న కార్డులన్నీ అద్దాల మూలలు అరిగిపోకుండా అడ్డం పెట్టడానికి వాడేశాను. వాటికి అంతకంటే మంచి ఉపయోగం ఇప్పటికీ తోచలేదు.

నాకీ పిచ్చి ఎట్లా పట్టిందని అడిగేవాళ్ళకు ఒక మనిషి ఫొటో చూపిస్తాను. పటాల అంగట్లో అద్దాలు చుట్టడానికి పాత కాగితాలు కావాలి. వాటిని కాటా వేయించి, బరువు లెక్కన కొంటాం. అట్లా కాటాకు కొన్న కాగితాల్లోనే నాకు ఒక కాటలాన్ దొరికాడు. స్పెయిన్ దేశంలో ఒక మూల కాటలోనియా అని ఒక సీమ ఉందట. మన సీమలాగే వాళ్ళకూ సొంత మాట తీరు, సొంత పౌరుషం. ఆ సీమలో మోడరన్ ఆర్టు అమ్ముకుని బతికిన ఒక వ్యాపారి గురించి ఇంగ్లీషు వారపత్రికలో రాసిన వ్యాసం అది. పేరున్న పై సగం చిరిగిపోయింది. నాకొచ్చిన ఇంగ్లీషుతో అర్థమైనదేమిటంటే, అందరూ నవ్విన పటాలను ఆయన అందరూ చూసే చోటే పెట్టాడు, పెద్ద పెద్ద రాజధానులు రమ్మన్నా ఊరు వదల్లేదు, కొనడానికి వచ్చినవాళ్ళకు పటం గురించి వివరించి చెప్పే అలవాటు లేదు. ఫొటోలో ఆయన ఒక పెద్ద పటం పక్కన జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ పటంలో ముప్పాతిక భాగం ఏమీ లేదు. ఆయన మొహంలో క్షమించమని అడిగే జాడ కూడా లేదు. ఆ మొహమే నాకు నచ్చింది. ఫొటో కత్తిరించి, ముందు గదిలో దేవుళ్ళ మధ్య ఫ్రేము కట్టి పెట్టాను. శనివారాలు ఎవరో ఒకరు ఆయనకూ ఒక పువ్వు పెట్టి పోతారు. "మీ నాయనా అక్కా?" అని అడిగితే, వరసకు అవుతాడని చెబుతాను.

మా బంధువులకు మాత్రం ఈ వరస నచ్చలేదు. బెంగళూరు పో, హైదరాబాదు పో, ఇట్లాంటివి అక్కడ కొంటారు, ఇక్కడ ఎవరు కొంటారు అని వాళ్ళ బాధ. కొనేవాళ్ళున్న చోట నా అవసరమేముంది? కొనని ఊళ్ళో అమ్మడమే కదా వ్యాపారం. అమ్మకం లేకపోయినా నమ్మకం ఉందని నేనంటే, మా పెద్దన్న నా తెలుగుకు నవ్వి, నా తెలివికి ఏడ్చాడు.

నమ్మకానికి కారణం ఒక మనిషి. ఆమెది యెమ్మిగనూరు. అత్తగారి ఫొటోకు పటం కట్టించాలని వచ్చింది. అద్దం కోస్తున్నంతసేపూ వెనక గదిలో నిలబడి ఉంది. దేవుడెవరని అడగలేదు, ఎవరు పోయారని అడగలేదు. పోయేటప్పుడు మాత్రం, నేనూ ఇట్లాంటివి వేస్తాను, వచ్చి చూడు అని బస్సు దిగాల్సిన చోటు చెప్పింది.

మరుసటి ఆదివారం పోయాను. చిన్న ఇల్లు. ముందు సావడిలో మగ్గం గుంట ఉంది, మగ్గం లేదు. మొగుడు నేసే రోజుల్లో ఆమె కండెలు చుట్టేది. మగ్గం ఆగిపోయాక ఆయన మిల్లులో వాచ్‌మన్‌గా చేరాడు. ఆమె మిగిలిన ముతక బట్టను కర్ర చట్రాలకు బిగించి, రంగులు వేయడం మొదలుపెట్టింది. గోడలకు ఆనించి ఉన్నాయి అవి. ఎర్రనేల రంగు, నల్లరేగడి రంగు, మధ్యలో జొన్నచొప్ప ఎండినప్పటి రంగు. దారం వెంట దారం పోయినట్టు సన్నటి గీతలు. చూస్తే పొలమనిపిస్తుంది, ఇంకాస్త చూస్తే పొలం కాదనిపిస్తుంది, ఆ తర్వాత ఏమనిపిస్తుందన్నది మానేసి ఊరికే చూస్తాం. ప్రతి పటంలోనూ ఒక వైపు మాత్రం రంగు లేదు. గీతలు ఎక్కడో తెగినట్టు ఆగిపోయి, అక్కడి నుంచి అంచు దాకా ఒట్టి బట్ట. అమ్మవారి పటాలు కొనే మా జనానికి కాళి కావాలి, ఈమె ఇచ్చేది ఖాళీ అని నాలో నేనే అనుకున్నాను. పైకి అనేంత ధైర్యం లేకపోయింది. ఆమె చూపు అట్లాంటిది.

పటాలు నాకు ఇవ్వడానికి ఆమె ఒకటే షరతు పెట్టింది.

"పాపా, నువ్వు ఎంతకన్నా అమ్ముకో, ఎవురికన్నా అమ్ముకో. ఆ ఖాళీని మాత్రం ఎవురూ నింపగూడదు. నింపినారా, ఆ పొద్దుతో నీకూ నాకూ సరి."

ఎందుకని అడిగాను. పటానికి వివరణ అక్కర్లేదని ఆ కాటలాన్ నేర్పిన పాఠం అప్పటికి సరిగ్గా ఒంటబట్టలేదు. ఆమె మగ్గం గుంట వైపు చూస్తూ చెప్పింది. నేతపనిలో బట్టను కడదాకా నేయరట. చివర్లో కొంత పడుగును, అంటే నిలువు పోగులను, నేయకుండా దువ్వెనలాంటి అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగులను ఈ మిగిలిన పోగులకు ఒక్కొక్కటీ అతుకుతారు. అట్లా ఒక బట్టకు ఇంకో బట్ట తోడు. అచ్చు ఖాళీ చేయరు.

"మా ఆయన కడాసారి నేసిన దినం ఏమీ మిగలకుండా నేసేసినాడు. ఇంగ దేనికి అతకల్ల? అచ్చు ఒట్టిదైపాయ, మగ్గం పాయ. అందుకే నేను కడదాకా నింపను. నింపితే అయిపోయినట్టే."

ఆ మాటకు నేను కదిలిపోయి, కొనేవాళ్ళకు ఈ సంగతి చెబితే ఎంత బాగుంటుందో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "సెప్పొద్దు. సెప్తే నా కతను కొనుక్కొని పోతారు, పటాన్ని కాదు." సముద్రాల అవతల ఉన్న కాటలాన్‌దీ యెమ్మిగనూరు నేతగత్తెదీ ఒకే మాట. మధ్యలో నేనొక్కదాన్నే వాగుడుకాయను. సరే అని మాటిచ్చాను, రెండింటికీ. ఖాళీని నింపనివ్వనని, ఎందుకో చెప్పనని. (ఇప్పుడు రాస్తున్నాను కదా అంటే, ఆమెను అడిగే రాస్తున్నాను. "పటం గోడకెక్కింది, ఇంగ నువ్వేం రాసుకున్నా దానికేం" అంది.)

ఆ పటాల్లో అన్నిటికంటే పెద్దదాన్ని కొన్నది ఒక పత్తి సావుకారు. తండ్రి పోయాక జిన్నింగు మిల్లు చూసుకుంటున్న మనిషి, నాకంటే చిన్నవాడు, మెత్తటివాడు. కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. హాల్లో గోడ మరీ పెద్దదైపోయిందట, దానికి సరిపోయే పటం కావాలని వచ్చాడు. దేవుడెవరని అడగకుండా నేరుగా పటం వెనక్కి పోయాడు. చట్రం అంచున వేలాడుతున్న ఒక నూలు పోగును గోటితో లాగి, రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి, వెలుతురుకు పట్టి చూశాడు. మార్కెట్లో పత్తి పింజను చూసినట్టే చూశాడు.

"బట్ట బాగుండాది అక్కా. ఇంత మంచి బట్ట మీద రంగు పూసినారే, పాపం," అన్నాడు. తర్వాత ముందు వైపు వచ్చి, రంగు లేని భాగం చూసి తేరుకున్నాడు. "పోనీలే, ఇంతన్నా బతికింది."

నా పటాల గురించి ఇంత నిజాయితీగా మాట్లాడిన విమర్శకుణ్ణి నేను చూడలేదు. అర్థం అడగలేదు, బేరం పెద్దగా ఆడలేదు. ఖాళీని చూసే కొన్నాడు. ఇట్లాంటి కొనుగోలుదారు దొరికినందుకు ఆ సాయంత్రం కాటలాన్ ఫొటోకు నేను కూడా ఒక పువ్వు పెట్టాను.

గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. పాలు పొంగాయి, పిలిచినవాళ్ళంతా పొంగిపోయారు. పటం హాల్లో గోడ మీద ఠీవిగా ఉంది. సావుకారు వాళ్ళమ్మ పెద్దావిడ, ఇంటికి పెద్ద. కొత్తగా వచ్చిన ప్రతి వస్తువుకూ ఆవిడ పసుపు కుంకుమ పెడుతూ వస్తోంది. ఫ్రిజ్జుకు పెట్టింది, సోఫాకు పెట్టింది, పటానికి కూడా ఫ్రేము నాలుగు మూలలా పెట్టింది. ఫ్రేము మీదే కాబట్టి నేను సంతోషించాను. అయితే ఆవిడ అక్కడే ఆగిపోయి, ఒట్టి బట్ట కనిపిస్తున్న వైపు చాలాసేపు చూసింది. పనివాళ్ళింకా పూర్తి చేయలేదేమోనని అనుకుందట. అంతేనని కొడుకు చెబితే ఆవిడ మొహం మారిపోయింది. కొత్తింట్లోకి బిందె తెచ్చినా నీళ్ళతో తెస్తాం, చేట తెచ్చినా బియ్యంతో తెస్తాం, పక్కింటి గిన్నె తిరిగిచ్చేటప్పుడు కూడా చిటికెడు చక్కెరైనా వేసి ఇస్తాం. అట్లాంటిది, ఇంత పెద్ద ఖాళీని ఎదురుగా గోడకు తగిలిస్తావా అని కొడుకును అడిగింది. చుట్టూ బీడింగు, మధ్యలో బీడు అని అక్కడున్న ఎవరో అన్నారు. ఆ మాట నాకే తట్టనందుకు కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

వారం తిరక్కుండానే సావుకారు ఫోన్ చేశాడు. మాటలు నములుతున్నాడు. అమ్మ పట్టు వదలడంలేదని, ఆ ఖాళీలో ఒక తామరపువ్వు వేయిస్తే సరిపోతుందని, శుక్రవారం పొద్దున బోర్డులు రాసే ఆయన్ని రమ్మన్నానని చెప్పాడు. పువ్వు చిన్నదేనట. నాకు ముందుగా చెప్పడం మర్యాద అని చెబుతున్నాడట.

యెమ్మిగనూరుకు ఫోన్ చేసి ఆమెకు చెప్పాను. "నువ్వు మాట ఇచ్చినావు పాపా," అని మాత్రం అని పెట్టేసింది. ఆమె తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

శుక్రవారం పొద్దున ఉగ్గాని కూడా తినకుండా బయల్దేరాను. దేవరగట్టు దసరాకు కర్రలు ఎత్తుకుని పోయేవాళ్ళ ఊపులో ఉన్నాను గానీ నా చేతిలో కర్ర లేదు, కొలత టేపు ఉంది. మేకులు పీకే పటకారు కూడా ఉంది. ఆయుధాల విషయంలో నేనెప్పుడూ వెనకబడినదాన్నే.

పోయేసరికి బోర్డులు రాసే ఆయన నిచ్చెన వేసి, డబ్బా మూతలో గులాబీ రంగు కలుపుతున్నాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకు పని తగ్గింది గానీ, ఊరంతా ఇప్పటికీ ఆయన్నే ఆర్టిస్టు అంటుంది. యెమ్మిగనూరు ఆమెను ఎవరూ అట్లా అనగా నేను వినలేదు. నన్ను చూసి ఆయన నిచ్చెన మీద నుంచే పలకరించాడు. "నాకేం లేదక్కా, పువ్వే గదా. నిమిషంలో అయిపోతాది." కుంచె పైకి లేచింది.

నేను పోయి నిచ్చెనకూ పటానికీ మధ్య, గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. నా తల సరిగ్గా ఖాళీకి అడ్డం వచ్చింది. దేవుడు నాకు పొడవు ఎందుకిచ్చాడో ఆ రోజు తెలిసింది. ఈ పువ్వు పడదన్నాను. ఆర్టిస్టు సావుకారు వైపు చూశాడు. సావుకారు తల్లి వైపు చూశాడు. హాల్లో ఇంకా పోని చుట్టాలంతా నా వైపు చూశారు.

సావుకారుకు కోపం రావడం నేను అదే మొదటిసారి చూడటం. అది కూడా మెత్తగానే వచ్చింది.

"కొన్నాను గదక్కా. నా ఇల్లు, నా గోడ, నా పటం. నేను పువ్వు ఏపిచ్చుకుంటే నీకేమి?"

"నీకు రంగు ఉండే చోటు ఒకటే అమ్మలేదప్పా. లేని చోటు గూడా అమ్మినా. అదీ సరుకే. దాన్ని తీసేసి పువ్వు పెడితే, నువ్వు నా దగ్గర కొన్న పటం ఈడ ఉండదు."

"లేనిదాన్ని ఎట్లమ్మినావక్కా?" అన్నాడు. చుట్టాలు నవ్వారు.

"ఎట్లనో అమ్మినా. నువ్వు ఎట్లనో కొన్నావు గదా. బాగుండాదని నువ్వే అంటివి."

అది మాత్రం అతను కాదనలేకపోయాడు. ఆ అవకాశం చూసుకుని, మీకు ఇష్టం లేకపోతే పటం ఇచ్చేయండి, తీసుకున్న డబ్బు ఇప్పుడే వాపసిస్తాను, పటం తీసుకుపోతాను అన్నాను. అతను ఊపిరి పీల్చుకున్నాడు. మనసులో అతనికీ పువ్వు ఇష్టం లేదని అప్పుడే నాకు అర్థమైంది. ఆ మంచి బట్ట మీద రంగు పడటం అతను భరించలేడు. పటకారు తీశాను.

"శుక్రారం నాడు ఇంట్లోంచి వస్తువు బయటికి పోగూడదు," అంది పెద్దావిడ.

ఇదేమన్నా లక్ష్మి అయితే కదా పెద్దమ్మా, ఒట్టి ఖాళీ అని మీరే అన్నారు కదా అని గుర్తుచేశాను. ఖాళీ అయినా శుక్రవారం పోగూడదంది. మా ఇంట్లో శుక్రవారం నేనూ చీపురు కూడా అప్పివ్వను.

అట్లా బిగుసుకుపోయింది వ్యవహారం. శుక్రవారం కాబట్టి పటం కదలదు. నేనున్నాను కాబట్టి పువ్వు పడదు. నిలబడి నిలబడి కాళ్ళు పీకి, గోడకు ఆనుకుని కింద కూర్చున్నాను. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు, కూర్చోలేదు. కుర్చీలో కూర్చుంటే తల ఖాళీకి అందదని నా లెక్క. నిజానికి కింద కూర్చుంటే అసలే అందదు. అది తర్వాత తట్టింది, కానీ అప్పటికే పట్టుదలగా కూర్చున్నాను కాబట్టి లేవలేదు. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి బుద్ధి చెప్పారు. పువ్వు పడితే పటానికి కళ వస్తుందన్నారు. ఇంత చదువుకుని ఇదేమిటన్నారు. అంగడి పేరు పోతుంది, సావుకార్ల ఇళ్ళల్లో నీ దగ్గర ఇంక ఎవరూ దేవుడి పటం కూడా కట్టించరన్నారు. ఆ చివరి మాట నిజమే కావచ్చు, భయం వేసింది కూడా. వెనక గదిని పోషించేది ముందు గదే. అయినా లేవలేదు. ఇచ్చిన మాట ఒక చోట పెట్టి, వ్యాపారం ఇంకో చోట పెట్టుకునేంత పెద్ద అంగడి కాదు నాది. ఉన్నవి రెండే గదులు.

మధ్యాహ్నం నాకూ ఆర్టిస్టుకూ పక్కపక్కన ఆకులు వేశారు. ఓళిగలు వడ్డించారు. పోట్లాడే మనిషికి కూడా కడుపు నిండా పెట్టకుండా ఉండలేని ఇల్లు అది. నేనూ మొహమాటపడలేదు. ఆర్టిస్టు గులాబీ రంగు మీద మీగడ కట్టింది. ఆయన భోజనం చేసి, ఎరువుల అంగడి బోర్డు ఒకటి ఎండకముందే ముగించాలని నిచ్చెన ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే రేపు వస్తానన్నాడు, నా వైపు చూడకుండా.

భోజనాలయ్యి అందరూ నడుం వాల్చాక పెద్దావిడ వచ్చి నాకు ఎదురుగా కూర్చుంది. తమలపాకులు తుడుస్తూ నెమ్మదిగా అడిగింది.

"నింపితే నీకొచ్చే నష్టమేందమ్మా?"

"గీసినామెకు మాట ఇచ్చినా పెద్దమ్మా, నింపనియ్యనని."

"ఆమెకు ఖాళీ ఎందుకంట?"

"ఎందుకో సెప్పననీ మాట ఇచ్చినా."

ఆవిడ ఆకు తుడవడం ఆపి నన్ను చూసింది. చెబితే ఆ క్షణాన కరిగిపోయేదేమో. అచ్చు సంగతి నాలుక చివర ఉంది. పత్తితో బతికే ఇల్లు, నూలు కథ వినగానే అర్థమయ్యేది. నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను చేసిన అతి కష్టమైన పని అదే.

ఆవిడ కూడా తన పట్టు వదల్లేదు. తన చిన్నప్పుడు కరువులో ఇంట్లో గాదె అడుగు కనబడిన రోజులు చెప్పింది. అప్పటి నుంచి ఖాళీ అంటే ఒళ్ళు జలదరిస్తుందట. నిండుగా ఉండాలనే ఈ ఇల్లు కట్టించిందట. ఆవిడ మాటా తీసేయదగ్గది కాదు. ఒక ఇంట్లో ఖాళీ అంటే గింజలు అయిపోవడం. ఇంకో ఇంట్లో ఖాళీ లేకపోవడమంటే మగ్గం అయిపోవడం. మధ్యలో కూర్చున్నదాన్ని నేను. ఇద్దరూ సరైనవాళ్ళే అయినప్పుడు మనిషి ఏం చేయాలో నాకు తెలియదు. నాకు తెలిసింది ఒకటే, మాట ఇచ్చింది ఒకరికే.

దీపాలు పెట్టే వేళకు ఆవిడే దారి చూపించింది. "నువ్వు ఇంటికి పో. రేపు పొద్దునొచ్చి నీ పటం తీస్కపో. అందాకా దానిమీద ఎవురి చెయ్యీ పడదు. నువ్వు ఆమెకు ఇచ్చినావే, అట్లనే నేనూ నీకు మాట ఇస్తాండా."

శనివారం ట్రాలీ ఆటో తీసుకుని పోయాను. ఖాళీ ఖాళీగానే ఉంది. సావుకారు తానే ఒక వైపు పట్టి దించాడు. తీసుకున్న డబ్బు అతని చేతిలో పెట్టేశాను. దించేటప్పుడు పటం వెనక బట్టను అరచేత్తో ఒకసారి నిమిరాడు. పటం పోయాక గోడ మొత్తం కనిపించింది, తెల్లగా, ఇటు చివర నుంచి అటు చివరి దాకా. "సగం వద్దంటే పూరా ఒచ్చె," అని గొణిగాడు. వాళ్ళమ్మకు వినబడింది. వినబడనట్టు ఉండిపోయింది.

ఆటో కదలబోతుంటే పెద్దావిడ నన్ను ఆపింది. కొత్త తువ్వాల్లో బియ్యం, కొబ్బరికాయ, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ మూటకట్టి తెచ్చింది. ఇంటికి వచ్చినది ఏదైనా ఒట్టిగా పోకూడదంది. పటానికి ఒడి లేదు కదా, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, చివరికి వెనక తగిలించే తీగకు తానే ముడి వేసింది. ఆ ముడి చాలా గట్టిగా వేసింది.

ఆదోనిలో ఆగకుండా నేరుగా యెమ్మిగనూరు పోయాను. ఆమె వాకిట్లోనే ఉంది. పటం మీద కప్పిన దుప్పటి తీసి, ఒట్టి బట్ట మీద అరచెయ్యి పెట్టి, పై నుంచి కింద దాకా నడిపింది. తర్వాత ఫ్రేము మూలల్లో పసుపు చూసింది, వెనక మూట చూసింది. ఇదేమిటని అడిగితే జరిగింది చెప్పాను. కారణం మాత్రం చెప్పలేదని రెండుసార్లు చెప్పాను, మెచ్చుకుంటుందేమోనని. మెచ్చుకోలేదు. మూట విప్పి బియ్యం చేతిలోకి తీసుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"పటానికి ఒడి నింపి పంపినారే పాపా. ఆయమ్మ గట్టిదే."

ఆమె ఆ బియ్యంలో సగం మళ్ళీ అదే తువ్వాల్లో కట్టి, నేను ఒట్టి చేతులతో పోకూడదని నా చేతిలో పెట్టింది. పసుపు తుడవలేదు. అది ఫ్రేము మీదుంది కదా, ఫ్రేము నీది, నీ ఇష్టం అంది. ఇంకో చట్రానికి బట్ట బిగించి ఉంది లోపల. దాని మీద గీతలు మొదలయ్యాయి. ఈ పటంలో తెగిన చోటు నుంచే.

సావుకార్ల ఇళ్ళ నుంచి దేవుడి పటాలు రావడం కొన్నాళ్ళు తగ్గింది. ఎక్కువ కాలం తగ్గలేదు. దేవుళ్ళకు అద్దాలు పగులుతూనే ఉంటాయి, మనుషులు పోతూనే ఉంటారు. ఆ హాల్లో గోడకు ఆర్టిస్టు పెద్ద తామరపువ్వు వేశాడట, నేల నుంచి కప్పు దాకా. బాగుందని విన్నాను. ఆయనకు పని దొరికినందుకు నిజంగానే సంతోషించాను.

పటాన్ని నేను వెనక గదిలోకి తీసుకుపోలేదు. ముందు గదిలో, రోడ్డు మీదికి కనబడే గోడకు వేశాను. అందుకోసం దేవుళ్ళందరినీ కొంచెం సర్దుకోమన్నాను, సర్దుకున్నారు. కాటలాన్ ఫొటో దాని పక్కనే ఉంది. మార్కెట్‌కు పత్తి బండ్లు పోయేటప్పుడు జనం తలలు తిప్పి చూస్తారు. యా దేవుడని అడుగుతూనే ఉన్నారు. నేను చెప్పకుండానే ఉన్నాను. సావుకారు ఒకసారి కారు ఆపి, దిగకుండా, అద్దం దించి చాలాసేపు చూసి పోయాడు. కావాలంటే ఇస్తాను, మొత్తంగా అయితేనే.

పోయిన నెల అంగడికి కొత్త బోర్డు రాయించాను. ఫ్లెక్సీ వద్దని, ఆ ఆర్టిస్టునే పిలిచాను. 'ఇచ్చట ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు అమ్మబడును' అని ఎడమ సగంలో రాయమన్నాను. కుడి సగం వదిలేయమన్నాను. గుండ్రటి అక్షరాలతో బ్రహ్మాండంగా రాశాడు. నిచ్చెన దిగి, వెనక్కి వెనక్కి నడిచి, రోడ్డు అవతల నిలబడి చూసుకున్నాడు. మిగిలిన సగం ఆయన్ని బాధపెడుతోందని ఇక్కడి నుంచే తెలుస్తోంది. డబ్బాలో రంగు ఇంకా ఉంది.

"అక్కా, ఆడ ఒక తామరపువ్వు ఏద్దునా? ఊరికేనే ఏస్తా."

వద్దన్నాను.